ఒక్క భుజము చాలును: పాతబస్తీ త్రిభుజముల కథ

మార్చి 21వ తేదీ ప్రాంతమునను సెప్టెంబరు 23వ తేదీ ప్రాంతమునను, పగలును రాత్రియు సమానమై నిలుచు దినములలో, సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటువేళకు చార్మినారు చెంత నిలిచి నేలవంక చూచువానికి, ఒక గణితరహస్యము కన్నులయెదుట పఱచియుంచినట్లు కానవచ్చును. సుమారు 56 మీటర్ల యెత్తు గలదని చెప్పబడు మీనారుయొక్క నీడ ఆ క్షణమున ఉత్తరముగా, గుల్జారుహౌజు వైపునకు, పదునేడున్నర మీటర్లు మాత్రమే సాగి నిలిచిపోవును. అదే సమయమున ఒక బాలుడు నాలుగడుగుల కఱ్ఱను నేలపై నిట్టనిలువుగా నిలిపినచో దాని నీడ అడుగుంబావు పడును. నీడకంటె కఱ్ఱ ఎన్నిమడుగులు పొడవో లెక్కించిన మూడుంబావుకు కొంచెము తక్కువగా, అనగా 3.2 మడుగులని తేలును. మీనారు నీడను ఆ 3.2తో హెచ్చింపగా మీనారు ఎత్తు తనంత తానే వచ్చి కాగితముపై కూర్చుండును. మెట్లెక్క నక్కఱలేదు, త్రాడు జార్చ నక్కఱలేదు. అందిన నేలను కొలిచి అందని యెత్తును పట్టుకొను ఈ విద్యకు మనవారు త్రికోణమితి యని పేరుపెట్టిరి. ఈ విద్య నాలుగువందల యేండ్లుగా పాతబస్తీ సందులలోను, దాని చుట్టునున్న గుట్టలమీదను నడచిన నడకను చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విద్యకు మూలము లంబకోణము. ఇంటి పునాది త్రవ్వించునాడు తాపీమేస్త్రీ దారమును పట్టుకొని ఒకవంక మూడడుగులకును, ఇంకొకవంక నాలుగడుగులకును గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ దూరము సరిగా అయిదడుగులు వచ్చువఱకు దారమును జరుపును. వచ్చిన పిమ్మట మూలమట్టము కుదిరినదని చెప్పును. ఆతడు చెప్పిన మూలమట్టమే గణితశాస్త్రజ్ఞుని లంబకోణము. ప్రాచీనులు ఆ త్రిభుజమున అడ్డపు భుజమునకు భుజ యనియు, నిలువు భుజమునకు కోటి యనియు, వాలుగా నుండు పొడవైన భుజమునకు కర్ణమనియు పేళ్లు పెట్టిరి. నేటి పాఠ్యపుస్తకములు కోణమునుబట్టి ఎదుటి భుజము, ఆసన్న భుజము, కర్ణము అనుచున్నవి. పేళ్లు మాఱినను విషయము మాఱలేదు. కోణము మాఱనంతవఱకు త్రిభుజము ఎంత పెద్దదైనను ఎంత చిన్నదైనను ఆ భుజముల నడిమి నిష్పత్తి మాఱదు. నాలుగడుగుల కఱ్ఱయు 56 మీటర్ల మీనారును ఒకే సూర్యుని క్రింద ఒకే నిష్పత్తికి లోబడి నిలిచియుండుట కిదియే కారణము.

నీడను కొలుచుట మన పంచాంగకర్తలకు నిత్యవిధి. పండ్రెండంగుళముల శంకువును నిలిపి, విషువద్దినమున మధ్యాహ్నవేళ దాని నీడ ఎన్ని అంగుళములో కొలిచి, దానికి పలభ యని పేరుపెట్టి, ఆ యొక్క సంఖ్యనుబట్టి ఆ యూరి యక్షాంశమును, లగ్నమానములను సాధించుచుండిరి. హైదరాబాదు అక్షాంశము 17 డిగ్రీల 22 నిమిషములు గనుక ఇచటి పలభ మూడుముప్పాతిక అంగుళములు. పండ్రెండింటికి మూడుముప్పాతిక ఎట్లో, మీనారుకు దాని నీడ అట్లే. పావులూరి మల్లన తెనుగుచేసిన గణితశాస్త్రమునకు మూలమైన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున ఛాయావ్యవహారమనుపేర ఒక ప్రకరణమే కలదు. నీడ మన పూర్వులకు చీకటికి గుర్తు కాదు, అది వెలుగు నేలమీద వ్రాసిన లెక్క.

అయినను నీడను నమ్మి ఎల్లవేళల పని జరుపుకొనుటకు వీలులేదు. మే నెల 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను సూర్యుడు హైదరాబాదునకు సరిగా నడినెత్తిన నిలుచును; పగలు పండ్రెండు దాటి మేలో సుమారు పండ్రెండు, ఆగస్టులో సుమారు ఇరువదిరెండు నిమిషములగు వేళకు నిలువు కంబముల నీడలన్నియు వాని పాదములలోనికే ముడుచుకొని మాయమగును. శ్రావణమాసపు మబ్బుదినములలో నీడయే యుండదు. అట్టి దినములలో సూర్యునిబదులు మన కన్నే కోణమును చూపవలసియుండును. పదవతరగతి చదువు బాలుడొకడు తన కోణమానినే తలక్రిందుగా పట్టి, దాని నడిమిరంధ్రమునకు దారమును, దారము కొనకు చిన్నరాతిని కట్టి, తిన్నని అంచు వెంబడి కన్నుంచి మీనారు కొనను చూచుచున్నాడనుకొందము. మీనారు పాదమునుండి ఆతడు 94 మీటర్ల 40 సెంటీమీటర్ల దూరమున నున్నాడు. దారము 90వ గీటునుండి జరిగి 60వ గీటుమీద నిలిచినది. అనగా ఊర్ధ్వకోణము 30 డిగ్రీలు. ఎదుటి భుజమును ఆసన్న భుజముతో భాగింపగా వచ్చు నిష్పత్తికి టాంజెంటు అని పేరు, 30 డిగ్రీలకు దాని విలువ 0.577. దూరమును దానితో హెచ్చింపగా 54 మీటర్ల 50 సెంటీమీటర్లు వచ్చును. తొందరపడిన విద్యార్థి ఇచటనే ఆగి లెక్క తప్పును. కోణము పుట్టినది నేలయొద్ద కాదు, కంటియొద్ద. కన్ను నేలకు మీటరున్నర యెత్తున నున్నది గనుక దానిని కలుపగా 56 మీటర్లు. ఇక 30 డిగ్రీలకు సైను, అనగా ఎదుటి భుజమును కర్ణముతో భాగింపగా వచ్చు నిష్పత్తి, సరిగా సగము. కావున బాలుని కంటినుండి మీనారు కొనకు దారము కట్టగలిగినచో అది 109 మీటర్ల పొడవుండును. ఒక్క భుజమును కొలిచినాడు, ఒక్క కోణమును చూచినాడు. తక్కిన రెండు భుజములును పిలిచినట్లు వచ్చినవి.

ఆ సైను అను మాటయొక్క చరిత్ర ఈ నగరచరిత్ర వంటిదే. ఆర్యభటుడు సామాన్యశకము 499 ప్రాంతమున, వృత్తపరిధిని 21,600 కళలుగా విభజించి, దానికి తగిన వ్యాసార్ధము 3438 కళలని గ్రహించి, చాపమునకు గట్టిన నారివలె నుండు రేఖలయొక్క సగములను 24 ఖండములుగా లెక్కించెను. వింటినారికి జ్యా యని పేరు గనుక ఆ రేఖకును జ్యాయే పేరైనది. 30 డిగ్రీలకు జ్యా 1719. అది 3438లో సగము. మన బాలుడు వాడుకొనిన సగము అదియే. జ్యాకు జీవ యని పర్యాయపదము కలదు. ఈ గణితము బాగ్దాదు చేరినపుడు అరబ్బులు జీవను జీబ యని పలికిరి. అచ్చులను వ్రాయక హల్లులనే వ్రాయు ఆ లిపిలో ఆ మాటను పిమ్మటివారు జైబ్ అని చదివిరి. జైబ్ అనగా వస్త్రపు మడత, ఱొమ్ముపైని అంగరఖా మడత. 12వ శతాబ్దమున ఆ గ్రంథములను లాటినులోనికి మార్చినవారు మడతయను అర్థమునే గ్రహించి సైనస్ అనిరి. అదియే నేటి సైను. అదే అరబ్బుపదము పారసీకము మీదుగా ఉర్దూలోనికి, ఉర్దూనుండి తెలుగులోనికి దిగివచ్చి జేబు అయినది. గణితమన్న భయపడు వర్తకుడు సైతము పత్తర్‌గట్టి అంగడిలో జేబున చేయిపెట్టి చిల్లరతీయుచు, తెలియకయే ఆర్యభటుని జ్యాకు వరుసైన మాటను నిత్యము మోయుచున్నాడు. ఈ దేశమునుండి వెడలిన విద్య ఆ దేశపు మాటలు తొడిగికొని మరల ఈ దేశమునకు వచ్చి, సంస్కృతమును అరబ్బీయు ఒకే గోడకు ఇరువైపుల చదువుకొను ఈ నగరమున తన పుట్టింటివారిని కలిసికొన్నది.

ఆ కలయికకు ఆదినుండియు తగిన నేల పాతబస్తీ. 1591వ సంవత్సరమున, హిజ్రీ సహస్రాబ్ది నిండుచుండగా, మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును నడుమ నిలిపి, దానినుండి నాలుగు వీథులు లంబకోణములలో చీలునట్లు నగరమును కట్టించినపుడు, ఆ నిర్మాణప్రణాళికకు ఆయన పీష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ కర్తయని చరిత్రకారులు చెప్పుదురు. ఆ మహనీయుడు తూనికలను కొలతలనుగూర్చి పారసీకమున రిసాలా మిక్దారియా యను గ్రంథమును వ్రాసెను. నగరమును గీచినవాడే కొలతలను సరిచూచినవాడగుట యాదృచ్ఛికము కాదు. గజము ఇంత యని నిశ్చయింపక వీథిని గీయరాదు. వీథిని గీయక నగరమును నిలుపరాదు. ఆయన పేరనే నిలిచిన దాయిరా శ్మశానవాటికలో ఆయన విశ్రమించుచున్నాడు. ఆయనవెంట ఈరానునుండి వచ్చిన విద్వత్సంప్రదాయమునకు త్రికోణమితి ఆరాధనావసరము కూడ నయి యుండెను: ఎక్కడనో యున్న మక్కాదిక్కును భూగోళముపై త్రిభుజమును కల్పించి సాధింపవలెను. హైదరాబాదునుండి ఆ లెక్క కట్టినచో మక్కాదిక్కు సరిగా పడమర కాదు, పడమటికి దాదాపు 13 డిగ్రీలు ఉత్తరముగా వచ్చును. సంస్కృతము నేర్చి మన గణితమును మూలములనుండి చదివిన అల్‌బిరూనీ, 11వ శతాబ్దమున పంజాబులోని నందన కోటయొద్ద ఒక కొండ యెక్కి, దిగంతము ఎంత దిగువగా కనబడుచున్నదో ఆ నిమ్నకోణమును కొలిచి, భూమియొక్క వ్యాసార్ధమునే లెక్కించెను. కొండయెత్తు ఒక భుజము, ఒక కోణము, ఫలితము భూగోళము.

ఆ భూగోళమును తిరిగి కొలువవలెనను తలంపుతోనే పందొమ్మిదవ శతాబ్దారంభమున ఒక ఆంగ్లసైనికోద్యోగి దక్షిణాపథమున దిగెను. ఆయన పేరు విలియము లాంబ్టను. 1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసులోని సెంటుథామసు కొండయొద్ద నూరడుగుల ఉక్కుగొలుసుతో నేలను కొలుచుట కారంభించి, ఏడున్నర మైళ్ల రేఖను ముగించుటకు ఆయనకు నలువదిదినములకు పైగా పట్టెను. ఎండకు ఉక్కు సాగును, చలికి ముడుచుకొనును గనుక గొలుసును కొయ్యపెట్టెలలో పఱచి, ప్రక్కన ఉష్ణమాపకములనుంచి, ప్రతిసారియు వేడిమిని వ్రాసికొని, ఆ సాగుదలను లెక్కలో తీసివేయుచు పోయెను. ఆ శ్రద్ధయంతయు ఆ యొక్క రేఖకే. ఆధారరేఖ యని పిలువబడు ఆ ఒక్క భుజము నిశ్చయమైన పిమ్మట నేలపై గొలుసు పఱచు పని నిలిచిపోవును, ఆపైని కోణములే. రేఖ రెండు కొనలనుండియు దూరపుగుట్టను చూచి కోణములు తీసికొన్నచో, భుజములు తమ కెదుటి కోణముల సైనులకు అనులోమముగా నుండును గనుక తక్కిన రెండు భుజములును తేలును. అందొక భుజమే తరువాతి త్రిభుజమునకు ఆధారరేఖయగును. ఇట్లు గుట్టనుండి గుట్టకు, గోపురమునుండి గోపురమునకు, చిలుకకొయ్యలకు దారము తగిలించినట్లు త్రిభుజముల వరుస సాగిపోయెను. రెండేండ్లకు బెంగుళూరు చెంత ఇంకొక రేఖను గొలుసుతో కొలిచి సరిచూడగా, త్రిభుజములు చెప్పిన పొడవునకును గొలుసు చెప్పిన పొడవునకును నడుమ నాలుగంగుళములకైన భేదము రాకుండెను.

ఆ కోణములను చూచిన థియొడొలైటు అరటన్ను బరువుగల యంత్రము. లండనునుండి వచ్చుచు దారిలో ఫ్రెంచివారి చేజిక్కి మారిషసు చేరి, ఆ ద్వీపపు గవర్నరు ఇది శాస్త్రమునకు సంబంధించిన వస్తువని గ్రహించి గౌరవముతో తిరిగి పంపగా మద్రాసు చేరెను. 1808లో తంజావూరు ఆలయగోపురముపైకి లాగుచుండగా మోకు తెగి గోడకు కొట్టుకొని దాని చక్రము వంగిపోయెను. లాంబ్టను నిరాశపడలేదు, గుడారములో తలుపులు మూసికొని వారములతరబడి ఆ వంకరను వెండ్రుకవాసి వెండ్రుకవాసిగా సరిచేసెను. పనియందు అంత ఓర్పుగల మనుష్యుని తలచుకొన్నపుడు, ఆయన పని మన దేశమును పాలింపవచ్చిన ఈస్టిండియా కంపెనీవారి ప్రయోజనమునకే యుపకరించెనన్న సత్యమును మఱవకయే, ఆ యోర్పునకు నమస్కరింపవలయును.

త్రిభుజములు ఉత్తరముగా సాగి 1811లో గుత్తిని, 1815లో బీదరు ప్రాంతమును చేరినవి. ఆ రెండుచోట్లను ఆధారరేఖలను నేలపై కొలిచి సరిచూచిరి. అటుపిమ్మట కొన్నియేండ్లు లాంబ్టనుకు హైదరాబాదే నెలవైనది. 1818 జనవరి 1వ తేదీన ఆ ప్రయత్నమునకు భారత మహాత్రికోణమితీయ సర్వే యని పేరుపెట్టిరి. ఆ సంవత్సరాంతముననే జార్జి ఎవరెస్టు అను యువకుడు ప్రధానసహాయకుడుగా హైదరాబాదు వచ్చి చేరెను. నిజాము సికందర్‌జా పాలనాకాలమది. హెన్రీ వాయిసీ యను వైద్యుడు వారితో కూడి తిరుగుచు, ఈ ప్రాంతపు రాళ్లను పరీక్షించి హైదరాబాదు సీమకు భూగర్భచిత్రమును వ్రాసెను. మన బంజారాగుట్టల గండశిలలు, మౌలాలి బోడికొండ, గోలకొండ శిఖరము, ఇవి అన్నియు సర్వేవారికి దేవుడిచ్చిన పీటలు: ఎత్తైనవి, చెట్లు లేనివి, నలుదిక్కుల చూపు నడ్డని దక్కను గుట్టలు.

కాని ఆ త్రిభుజములు ప్రాణములను కోరినవి. 1819 వర్షకాలమున కృష్ణాగోదావరుల నడిమి అడవులలో ఎవరెస్టు త్రిభుజములను నిలుపుచుండెను. వాన వెలిసిన పిమ్మట గాలిలోని దుమ్ము కడిగికొనిపోయి దూరపుగుట్టలు స్పష్టముగా కనబడును. అందుచేత పనికి అనువైన కాలము రోగములకును అనువైన కాలమే యయ్యెను. ఎల్లాపురపు అడవిలో ఎవరెస్టును, ఆయనతోడి దాదాపు 150మంది జనమును విషజ్వరమునకు చిక్కిరి. హైదరాబాదునుండి వాహనములను మనుష్యులను పంపి వారిని మోయించి తెచ్చిరి. త్రోవలోనే పలువురు ప్రాణములు విడిచిరి. ఎవరెస్టు కోలుకొనుటకై గుడ్‌హోపు అగ్రమునకు పోవలసివచ్చెను. ఆయన పేరు నేడు ప్రపంచమంతట వినబడుచున్నది. ఆ యడవిలో చెట్లు నఱికి చూపునకు దారిచేసినవారి పేళ్లు, గుట్టకొనలమీద జెండాలు పట్టుకొని దినములతరబడి నిలిచినవారి పేళ్లు, పల్లకీలు మోసి జ్వరమును తెచ్చికొన్నవారి పేళ్లు ఏ పటమునను లేవు. త్రిభుజముయొక్క కొనయందు ఒక మనుష్యుడు కదలక నిలిచినగాని కోణము కుదరదు. ఆ నిలిచినవాడు చాలసారులు మన పల్లెవాడే.

లాంబ్టను 1822లో హైదరాబాదు వీడి నాగపురమునకు బయలుదేరి, 1823 జనవరిలో దారిలో హింగన్‌ఘాటున కన్నుమూసెను. పిమ్మట ఎవరెస్టు ఆ రేఖను డెహ్రాడూను దాక సాగించెను. కన్యాకుమారినుండి హిమాలయపాదము దాక సుమారు 2400 కిలోమీటర్లు సాగిన ఆ మహాచాపము 78వ రేఖాంశము వెంబడి నడచినది; మన నగరము 78 డిగ్రీల 28 నిమిషములయొద్ద, దానికి ప్రక్కింటివలె నున్నది. 1852లో వంగదేశీయుడైన రాధానాథ సిక్దారు, మనుష్యుడెవ్వడును అడుగిడని ఒక హిమశిఖరమును మైదానములనుండి చూచిన కోణములను లెక్కించి దాని యెత్తు 29,002 అడుగులని తేల్చెను. చార్మినారు ముంగిట బాలుడు చేసిన లెక్కయు ఇదియు ఒక జాతివే. వక్రీభవనమువలన చూపునకు గలుగు వంపును, భూమియొక్క గుండ్రతనమును అదనముగా సవరింపవలసియుండెను, అంతియే భేదము.

సర్వేవారు గుట్టలమీద నున్న ఆ కాలముననే పాతబస్తీ దేవిడీలో ఒక ప్రభువు గణితమును ప్రేమించుచుండెను. ఆయన పైగా యను పేరుగల వంశమువాడు, నిజాము అలీఖాను అల్లుడు, రెండవ షమ్స్‌ఉల్‌ఉమరా ఫఖ్రుద్దీన్ ఖాను. షమ్స్ అనగా సూర్యుడు. సూర్యుడను బిరుదు ధరించిన ఆయనకు జ్యామితిపై మక్కువ గలుగుట ఎంతయు తగియున్నది. జ్యామితినిగూర్చి షమ్స్‌ఉల్‌హిందసా యను పారసీకగ్రంథము ఆయన రచనయే. 1834లో ఆయన మదరసా ఫఖ్రియాను స్థాపించి అందు గణితమును క్రొత్తశాస్త్రములను నేర్పించెను. సొంతముగా శిలాముద్రణాలయమును పెట్టించి, 1840 ప్రాంతమున యంత్రశాస్త్రము, జలశాస్త్రము, ఖగోళము మొదలైన ఆఱు విషయములపై ఆంగ్లమునుండి ఉర్దూ చేయించిన సిత్తా షమ్సియాను ప్రకటించెను. ఆంగ్లేయుల కళాశాలలు మన నగరమునకు రాకమునుపే, దేశభాషలో శాస్త్రము చెప్పవచ్చునని ఋజువు చేసిన ఘనత ఆయనది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూమాధ్యమమున స్థాపింపబడి, దాని అనువాదశాఖ గణితగ్రంథములను తర్జుమా చేయించినపుడు, ఆ వృక్షమునకు విత్తనము ఎనుబదియేండ్లకు ముందే పాతబస్తీలో పడియుండెను.

జ్యామితికి అరబ్బీలో హిందసా యని పేరు. ఆ మాట పారసీకపు అందాజా, అనగా కొలతయను పదమునుండి పుట్టినది. అదియే మన తెలుగున అందాజు అయినది. కాని అర్థము జాఱిపోయినది. మనకు అందాజు అనగా కొలువక చెప్పుమాట, ఉజ్జాయింపు. కొలతకు పెట్టిన పేరే కొలువనిదానికి పేరగుట విచిత్రము. ఈ వ్యాసములోని వారందఱును చేసినపని, అందాజును తిరిగి హిందసా చేయుటయే.

షమ్స్‌ఉల్‌ఉమరా 1860వ దశకారంభమున గతించెను. ఆయన వంశీయులు పలువురు శయనించు పైగా సమాధులకు చెంతనే ఫిసల్‌బండ కలదు. ఉర్దూ ఫిసల్‌కు తెలుగు బండను జోడించినట్లు వినబడు ఈ పేరులోనే పాతబస్తీ నాలుక తెలియుచున్నది. 1901లో ఆ వంశపువాడే యైన నవాబు జఫర్‌జంగు పదునైదంగుళముల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, తన సొంత జాగాలో ఫిసల్‌బండయందు నెలకొల్పి, నిజాము పేరుమీద నిజామియా వేధశాల యని నామకరణము చేసెను. 1907లో ఆయన గతింపగా ప్రభుత్వము మఱుసటియేడు దానిని స్వీకరించి బేగంపేటకు మార్చినది. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములలో బంధింపవలెనని ప్రపంచములోని వేధశాలలు పంచుకొనిన మహాప్రయత్నములో, దక్షిణఖగోళమున 17 డిగ్రీలనుండి 23 డిగ్రీల దాక గల పట్టీ మొదట దక్షిణామెరికాలోని శాంటియాగోవారిది. వారు చేయలేకపోగా హైదరాబాదు దానిని తలకెత్తుకొన్నది. గాజుపలకలపై పడిన ఏడు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములను కొలిచి ఇచటివారు సంపుటములుగా అచ్చువేసిరి. వేధశాలాధిపతి పోకాకు పిమ్మట 1918నుండి టి. పి. భాస్కరన్ ఆ పనిని నడపెను. ఆ వేధశాలలో పనిచేసిన ఒక సహాయకుని కుమారుడే నిజాము కళాశాలలో చదివి, భారతఖగోళశాస్త్రమునకు పెద్దదిక్కైన వేణు బప్పు.

నక్షత్రమునకును త్రిభుజమునకును సంబంధమేమని అడుగవచ్చును. మీనారును కొలుచుటకు వీథి చాలినది. శిఖరమును కొలుచుటకు కొన్ని మైళ్ల రేఖ కావలసివచ్చినది. నక్షత్రమును కొలుచుటకు భూమియే చాలదు. అందుచేత జ్యోతిషికులు భూమి సూర్యుని చుట్టు తిరుగు కక్ష్యనే ఆధారరేఖగా గైకొని, ఆఱునెలల యెడముతో అదే నక్షత్రమును రెండుసారులు చూచి, అది ఎంత జరిగినట్లు కనబడెనో కొలుతురు. ఆఱునెలలలో మనము 30 కోట్ల కిలోమీటర్ల దూరము జరుగుదుము. అంత జరిగినను అతిసమీపనక్షత్రము చూపు ఎడము డిగ్రీలో 3600వ వంతుకు రెండింతలైనను కాదు. ఆ సన్ననికోణమునుండియు అదే నిష్పత్తితో దూరము తేలును. పీట పెద్దదైనకొలది చేయి దూరము సాగినది. విద్య మాత్రము ఒకటియే.

ఆకాశమును కొలిచిన నగరము తన నేలను కొలుచుకొనుటకు ఒక విపత్తు కావలసివచ్చెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి ఇరుదరులను తుడిచివేసి, వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నది. గోడలు కూలిన పిమ్మట ఎవరి జాగా ఎచటనో చెప్పుటకు సాక్ష్యము లేకపోయెను. మోక్షగుండము విశ్వేశ్వరయ్య వచ్చి వరదలను అరికట్టు మార్గమును చెప్పిరి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఆ సంవత్సరముననే ఆరంభించి లియొనార్డు మన్ను ఆధ్వర్యమున హైదరాబాదు పైమాయిషు జరిగి 1915 నాటికి ముగిసెను. నేలపై 50 అడుగులు కాగితముపై ఒక అంగుళముగా, సందు సందును, బావి బావిని గీచిన ఆ పటములను నేటికిని చరిత్రకారులు, కట్టడములను కాపాడువారు తెఱచి చూచుచున్నారు. కూలిపోయిన దేవిడీ ఎచట నుండెను, పూడిపోయిన బావి ఎచట నుండెను అని అడిగినవారికి ఆ పటమే జవాబు చెప్పుచున్నది. ఒకనాడు గొలుసు పట్టినవాడు ఒళ్లు దాచుకొనక కొలిచెను గనుక, నూఱేండ్ల పిమ్మట ఆ కొలత మాట నిలుపుకొన్నది.

ఈ కథ యంతటను నాకు కనబడునది ఒక్క నీతియే. త్రికోణమితి మనకు ఎంతో యిచ్చును, కాని ఒక్కదానిని మాత్రము ఎన్నడును ఉచితముగా ఇయ్యదు. మొదటి భుజమును మన చేతులతో, నేలకు వంగి, నిజాయితీగా కొలిచియే తీరవలెను. అందు జానెడు తప్పినచో ఆ తప్పు త్రిభుజమునుండి త్రిభుజమునకు వారసత్వముగా నడచి కొండల యెత్తును సైతము చెఱచును. అందుచేతనే లాంబ్టను ఏడున్నర మైళ్లకు వారములను వెచ్చించెను. అందుచేతనే మీర్ మోమిన్ నగరమును గీచిన చేతితోనే తూనికల గ్రంథమును వ్రాసెను. జ్యా యను మాటకు వింటినారి యని యొక అర్థము; భూమి యని ఇంకొక అర్థము, జ్యామితిలో నున్నది ఆ అర్థమే. కోణమును పట్టు నారియు పాదములక్రింది నేలయు మన భాషలో ఒకే మాటగా నుండుట నాకు కాకతాళీయముగా తోపదు.

ఈసారి విషువద్దినమున మధ్యాహ్నము చార్మినారు చెంత మన బాలుడు మరల నిలుచునుగాక. మీనారు కొనవంక చూచుటకు ముందు ఆతడు టేపు చివరను స్నేహితునిచేతి కిచ్చి, గాజులయంగళ్ల రద్దీలో మోకాళ్లపై వంగి, నీడ కొనయొద్ద సుద్దతో గీటు గీచి, సెంటీమీటరు తప్పక చదివి, ఆ సంఖ్యను కాగితముపై వ్రాసికొని, కాగితమును మడిచి జేబులో పెట్టుకొనునుగాక. ఆ జేబులోనే ఆర్యభటుని జ్యా కలదు. ఎత్తు ఆతనికి ఆపై అందును.